అంగడి లెక్క అడిగే తీరు

సంపాదకులకు,

అయ్యా,

చిన్న వ్యాపారుల ఆదాయాల మీద, అప్పుల మీద ఏదైనా సర్వే వెలువడినప్పుడల్లా మీ పత్రిక దాన్ని శ్రద్ధగా ప్రచురిస్తోంది. ఆ అంకెలను చదివి చర్చించేవారిలో అధ్యాపకులు, అధికారులు, రాజకీయ నాయకులు కనిపిస్తారు కానీ, అవి ఎవరి నోటి నుంచి వచ్చాయో ఆ వ్యాపారులు మాత్రం కనిపించరు. కర్నూలు పాతబస్తీలో 30 ఏళ్లకు పైగా కిరాణా అంగడి నడుపుతున్నవాడిగా, ఒకసారి అటువంటి సర్వేకు జవాబులు చెప్పినవాడిగా, ఆ జవాబుల్లో కొన్ని తెలిసీ తప్పుగా చెప్పినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా లెక్కల సంగతి. కంపెనీలుగా నమోదు కాని వ్యవసాయేతర సంస్థల మీద, అంటే నా అంగడి, నా ఎదురుగా ఉన్న టైలరు, మలుపులో ఉన్న టీ కొట్టు వంటివాటి మీద, జాతీయ గణాంక కార్యాలయం ఇప్పుడు ఏటా సర్వే జరుపుతోంది. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకు జరిగిన సర్వే ప్రకారం దేశంలో ఇటువంటివి 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవారు 12 కోట్లకు పైచిలుకు. అంతకు ముందు సర్వేలో సంస్థల సంఖ్య 6.50 కోట్లు, 2021-22లో 5.97 కోట్లు. ఈ మూడు అంకెలనే పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న వ్యాపారం చకచకా పెరుగుతున్నట్టు కనబడుతుంది. అయితే 2015-16లో జరిగిన ఇదే తరహా సర్వేలో ఆ సంఖ్య 6.34 కోట్లు. 2015-16కూ 2021-22కూ మధ్య కాలానికి ఇటువంటి సర్వే ఫలితమేదీ లేదు. 2016 నవంబరులో నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, 2020 మార్చిలో కరోనా మూసివేత, ఈ మూడూ సరిగ్గా ఆ ఖాళీలోనే పడ్డాయి. 2019లో మొదలైన ఏడో ఆర్థిక గణన ఆ లోటును కొంత తీర్చి ఉండేదేమో, దాని ఫలితాలు మన చేతికి రాలేదు. కాబట్టి ఏ దెబ్బకు ఎన్ని అంగళ్లకు తాళం పడిందో విడదీసి చూపే లెక్క ఇక ఎప్పటికీ దొరకదు. మా వరుస వరకు నేను చెప్పగలను. ఆ కాలంలో 3 అంగళ్లు మూతపడ్డాయి. వాటిలో ఒకటి ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు షాపు, ఒకటి బిర్యానీ సెంటరు, మూడోదానికి ఇప్పటికీ షట్టరు దించే ఉంది. మొదటి రెండూ సర్వేలో కొత్త సంస్థలుగా చేరి ఉంటాయి. పాత యజమానుల్లో ఒకాయన ఇప్పుడు వాటర్ ప్లాంటులో క్యాన్లు ఎత్తుతున్నాడన్న సంగతి ఆ సంఖ్యలో ఉండదు.

ఇక నా అంగడికి వచ్చిన సర్వే. ఒక సాయంత్రం 6 గంటల వేళ, దీపాలు పెట్టే సమయానికి, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఒక కుర్రవాడు వచ్చాడు. అతని మర్యాదను నేను తప్పుపట్టను. చిన్నవాడైనా ఓపికగా, వినయంగా అడిగాడు. కానీ ఆ వేళ మాకు కాళ్లూ చేతులూ ఆడని వేళ. ఒకరికి పావు కిలో కందిపప్పు, ఒకరికి 10 రూపాయల నూనె ప్యాకెట్టు, ఒక పిల్లవాడి చేతిలో 500 నోటు, వాళ్లమ్మ తెమ్మన్నది అగ్గిపెట్టె. ఆ నోటుకు చిల్లర వెతుకుతూ నేను తలవంచిన క్షణంలో ‘పోయిన నెల మొత్తం అమ్మకం ఎంతండీ?’ అన్న ప్రశ్న వచ్చింది. నా దగ్గర ఉన్నది ఒకటే పొడుగు పుస్తకం. అందులో ఎడమ పక్క అరువు పద్దులు, కుడి పక్క హోల్‌సేల్ వాళ్లకు కట్టవలసిన బాకీలు, మధ్యలో గ్యాసు సిలిండరు, అమ్మాయి కాలేజీ ఫీజు, పక్కింటి పెళ్లికి చదివించిన 516 రూపాయలు. అది అంగడి లెక్కా, ఇంటి లెక్కా అంటే రెండూ. నెల అమ్మకం ఎంత అన్నది ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

ఇది నా ఒక్కడి అలసత్వం కాదని చదువుకున్నవారే తేల్చారు. శ్రీలంకలో చిన్న వ్యాపారుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన సురేశ్ డి మెల్, డేవిడ్ మెకంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన పత్రంలో ఈ విషయాన్నే పరీక్షించారు. అమ్మకాలు ఎంత, ఖర్చులు ఎంత అని పద్దు పద్దుగా అడిగి ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే వచ్చే లాభం కన్నా, ‘అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు ఎంత మిగిలింది?’ అని నేరుగా అడిగితే వచ్చే జవాబే నిజానికి దగ్గరగా ఉంటుందని వారు తేల్చారు. వ్యాపారులు తమ అమ్మకాలను సుమారు 30 శాతం తక్కువ చెబుతారని కూడా వారి అంచనా. నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఈ నెల అమ్మిన చక్కెర పోయిన నెల కొన్నది, పోయిన నెల కొన్న బియ్యంలో ఒక బస్తా మా వంటింట్లోకే పోయింది, ఈ నెల అమ్మినదానిలో మూడో వంతు డబ్బు ఇంకా చేతికే రాలేదు. వీటిని విడివిడిగా అడిగితే ప్రతి జవాబూ ఊహే. మిగిలింది ఎంత అంటే మాత్రం ఏ వ్యాపారికైనా మనసులో ఒక అంకె ఉంటుంది, ఎందుకంటే ఇల్లు గడిచేది ఆ అంకె మీదనే.

ఊహతో చెప్పడం వేరు, భయంతో చెప్పడం వేరు. నేను రెండూ చేశాను. రోజుకు సగటున ఎంత బేరం జరుగుతుందో నాకు ఉజ్జాయింపుగా తెలుసు. అందులో సగమే చెప్పాను. ఆ కుర్రవాడు ‘ఇది పన్ను కోసం కాదు సార్’ అని రెండుసార్లు అన్నాడు. ట్యాబ్‌లో ప్రభుత్వ చిహ్నం కనిపిస్తుండగా ఆ మాటను నమ్మే ధైర్యం నాకు రాలేదు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం సర్వేలో చెప్పిన వివరాలను గణాంక అవసరాలకు తప్ప మరి దేనికీ వాడరాదన్న సంగతి తరువాత మా మేనల్లుడు చెబితే తెలిసింది. ఆ రక్షణ ఉందని ముందే ఒక కాగితం మీద, తెలుగులో, మా చేతిలో పెట్టి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. నా భయం పూర్తిగా పిచ్చి భయమని కూడా అనలేను. 2025 జూలైలో మన పొరుగున కర్ణాటకలో యూపీఐ జమల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగుళూరులో అనేకమంది క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పీకేసి, నగదు మాత్రమే తీసుకుంటామని బోర్డులు పెట్టారు. ఆ వార్త మా బజారుకు చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు. పన్ను అధికారి వేరు, గణాంక అధికారి వేరు అని మాకు ఎవరు చెప్పాలి? ఇద్దరూ వచ్చేది మా గల్లా పెట్టె దగ్గరికే కదా.

యూపీఐ అంటే గుర్తొచ్చింది. ముందు చెప్పిన జాతీయ సర్వేలోనే ఇంటర్నెట్ వాడే సంస్థలు 2022-23లో 21.1 శాతం నుంచి 2023-24లో 26.7 శాతానికి పెరిగాయని ఉంది. మా మలుపులో టీ కొట్టు అతన్ని ఆ కుర్రవాడు వ్యాపారానికి ఇంటర్నెట్ వాడతావా అని అడిగితే, అతను లేదన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే పక్కన స్పీకరు పెట్టె 20 రూపాయలు అందాయని గట్టిగా అరిచింది. అతను అబద్ధం చెప్పలేదు. అతని దృష్టిలో ఇంటర్నెట్ అంటే కొడుకు ఫోనులో చూసే వీడియోలు, ఆ పెట్టె అంటే డబ్బులు చెప్పే పెట్టె. ఆ జవాబు ఏమని నమోదయిందో నేను చూడలేదు.

సర్వేలో అన్నిటికన్నా నన్ను ఇబ్బంది పెట్టిన ప్రశ్న మాత్రం అమ్మకాల గురించినది కాదు. ‘అంగడిలో ఎంతమంది పనిచేస్తారు?’ అన్నదానికి నేను ‘ఒక్కణ్ణే’ అన్నాను. అప్పుడు నా భార్య లోపల మిరపకాయలు తూకం వేసి పొట్లాలు కడుతోంది. జీతం లేకుండా పనిచేసే ఇంటి మనుషులను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నదే ఆ సర్వే నిబంధన, అతను ఆ మాట అడిగాడు కూడా. అయినా నా నోటికి ఆమె పేరు రాలేదు. నేను హోల్‌సేల్ బజారుకు పోయిన వేళల్లో, మధ్యాహ్నం భోజనం చేసి నడుము వాల్చిన వేళల్లో, రంజాన్ నెలలో రాత్రి 11 దాకా బజారు తెరిచి ఉన్నప్పుడు, అంగడి నడిపేది ఆమెనే. ఎవరి బాకీ ఎంతో పుస్తకం చూడకుండా చెప్పగలిగేదీ ఆమెనే. దేశంలో మహిళలు యజమానులుగా ఉన్న సొంత సంస్థలు ఒక్క ఏడాదిలో 22.9 శాతం నుంచి 26.2 శాతానికి పెరిగాయన్న వార్తను మీరు ప్రముఖంగా వేశారు. సంతోషించవలసిన వార్తే. కానీ ఆ అంకె వెనక రెండు రకాల తప్పులు ఉండవచ్చు. రుణంలో రాయితీ కోసం భార్య పేరున కాగితాలు పెట్టి భర్త నడిపే అంగళ్లు కొన్ని, నా వలె భర్త పేరున ఉండి భార్య మీద నడిచేవి మరికొన్ని.

అప్పు విషయంలోనూ ఇంతే చిక్కు. శ్రీలంకలో పరిశోధన చేసిన ఆ ముగ్గురే కొందరు చిన్న వ్యాపారులకు 10 వేలు, 20 వేల శ్రీలంక రూపాయలను డబ్బుగానో సరుకుగానో ఉచితంగా ఇచ్చి, ఆ పెట్టుబడి మీద నెలకు 5 శాతం దరిదాపుల్లో రాబడి వచ్చిందని 2008లో ప్రకటించారు. మన లెక్కలో అది 5 రూపాయల వడ్డీ. బ్యాంకు ఏ వడ్డీకి ఇచ్చినా ఆ వ్యాపారి తట్టుకోగలడన్నమాట. కానీ అందులో స్త్రీల వ్యాపారాలను విడిగా చూస్తే రాబడి ఏమీ కనబడలేదు. కొన్నేళ్లపాటు దీన్ని స్త్రీలకు వ్యాపారం చేతకాదన్నట్టు కొందరు చదివారు. 2019లో మరికొందరు భారతదేశం, శ్రీలంక, ఘనాల వివరాలను మళ్లీ పరిశీలించి, ఆ స్త్రీల చేతికి ఇచ్చిన డబ్బు చాలా ఇళ్లలో భర్త వ్యాపారంలోకి వెళ్లిందని, ఇంటిని ఒకటిగా తీసుకుని చూస్తే రాబడి ఉందని చూపారు. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు మూడు దేశాల లెక్కలు అక్కరలేదు. మన జిల్లాలో ఓర్వకల్లు పేరు పొదుపు సంఘాలకు ఎంత ప్రసిద్ధమో అందరికీ తెలుసు. మా ఇంట్లోనూ పొదుపు సంఘం అప్పు రెండుసార్లు వచ్చింది. కాగితాల్లో అది కుట్టుమిషను కోసం. రెండుసార్లూ అది నా అంగడిలో చక్కెర బస్తాలుగా, నూనె డబ్బాలుగా మారింది. కంతు మాత్రం సంఘం సమావేశంలో కూర్చుని ఆమెనే కట్టింది.

పొరుగు రాష్ట్రపు ఉదాహరణ ఇంకొకటి చెప్పాలి. హైదరాబాదులో 104 బస్తీలను తీసుకుని, వాటిలో సగం బస్తీల్లో ముందుగా సూక్ష్మరుణాలు ఇప్పించి, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరి ఇద్దరు సహచరులు జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. అప్పటికే వ్యాపారం ఉన్నవారు సరుకు కొంత పెంచుకున్నారు, లాభం మాత్రం ముందు నుంచే పెద్దగా నడుస్తున్న కొద్దిమందికే పెరిగింది, ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ మెరుగుదల రాలేదు అన్నది దాని సారాంశం. అప్పు దొరికితే చాలు, చిన్న వ్యాపారి పెద్దవాడవుతాడని ఉపన్యాసాలు ఇచ్చేవారు దీన్ని ఒకసారి చదవాలి. అలాగని అప్పు వద్దనేవారితోనూ నేను ఏకీభవించను. మా బజారులో కూరగాయల బండ్లవాళ్లు డైలీ ఫైనాన్సులో 10,000 అని రాయించుకుని 9,000 చేతికి తీసుకుంటారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కడతారు. తగ్గుతూ వచ్చే అసలు మీద లెక్క కడితే అది ఏడాదికి నూటికి 75 దాటుతుంది. చెన్నైలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ ఇటువంటి అప్పుల్లో ఉన్న బజారు వ్యాపారుల బాకీలను పరిశోధకులే పూర్తిగా తీర్చివేసి చూస్తే, ఎక్కువమంది 6 వారాల్లోనే మళ్లీ అప్పులోకి వెళ్లారు. దీన్ని బండివాళ్ల దుబారాగా నేను చూడను. ఆసుపత్రి ఖర్చు ఒకటి వచ్చినా, ఉల్లి ధర పడిపోయి పల్లెలవాళ్లు బజారుకు రాకపోయినా, తెల్లవారి సరుకు కొనడానికి చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. మళ్లీ ఆ ఫైనాన్సు స్కూటరే వస్తుంది.

నా అంగడిలో అసలు పెట్టుబడి ఏదని నన్ను అడిగితే అరలూ తూకం మిషనూ కావు, ఆ పొడుగు పుస్తకం అంటాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరి మీదికి వచ్చినప్పుడు మా అంగడిలో నీళ్లు పై అర దాకా ఎక్కాయి. బియ్యం, పప్పులు కుళ్లి వాసన పట్టాయి, వాటిని మూడు రోజులు బురదతో కలిపి పారలతో ఎత్తి పోశాం. పుస్తకం పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి, సిరా మొత్తం నీలి మచ్చగా మారింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు బస్తాలు లెక్కపెట్టుకున్నారు, పుస్తకం గురించి అడగలేదు. తరువాతి నెలల్లో కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి ‘నా బాకీ ఇంత ఉండె’ అని చెప్పి కట్టారు. కొందరు ఆ వీధిలో నడవడమే మానేశారు. బస్తాల నష్టం కన్నా ఈ రెండో నష్టమే నన్ను ఎక్కువ కాలం వెంటాడింది. సర్వేకు వచ్చిన ఆ కుర్రవాడు కూడా నేను బయట తెచ్చిన అప్పు ఎంతో అడిగాడు కానీ, నేను జనానికి ఇచ్చిన అరువు ఎంతో నాకు గుర్తున్నంతలో అడగలేదు.

సర్వేలు దండగ అని చెప్పడం నా ఉద్దేశం కాదు. కెన్యాలో చిన్న అంగళ్లు చేతిలో చిల్లర లేక బేరాలు పోగొట్టుకుంటున్నాయని, దానివల్ల లాభంలో 5 నుంచి 8 శాతం పోతోందని 2014లో ఒక పరిశోధన తేల్చింది. అందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. వారం వారం వెళ్లి ‘చిల్లర లేక ఎన్ని బేరాలు పోయాయి?’ అని ఊరికే అడుగుతూ వచ్చినందుకే ఆ వ్యాపారులు జాగ్రత్త పడి చిల్లర దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టారట. అడగడమే ఒక మేలు చేసింది. నన్ను ‘నెలకు ఎంత మిగులుతుంది?’ అని అడిగిన రాత్రి నేనూ నా భార్యా కూర్చుని లెక్క వేసుకున్నాం. మేము ఇంటికి వాడుకున్న సరుకును కూడా కలిపితే, మా ఇద్దరి పనికీ పడుతున్న కూలి, ఎదురుగా బట్టల షాపులో సేల్స్‌మ్యాను జీతం కన్నా తక్కువ అని తేలింది. ఆ మాట మేము అంతకు ముందు అనుకోకపోలేదు, అంకెగా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అందుచేత నేను కోరేది పెద్దగా ఏమీ లేదు. 2025 జనవరి నుంచి జాతీయ సర్వేల నమూనాను జిల్లాల వారీగా ఎంచుకుంటున్నారు. ఇది మంచి మార్పు. కానీ జిల్లా స్థాయికి దిగిన కొద్దీ ఒక్కొక్క అంగడి జవాబుకు బరువు పెరుగుతుంది. దేశం మొత్తం మీద ఏడాది పొడవునా అడుగుతారు కనుక రంజాన్ నెల బేరం, ఆషాఢం నెల బేరం ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి. కర్నూలు ఒక్కటే తీసుకుంటే అంత సర్దుబాటు ఉండదు. వేరుశనగ చేతికొచ్చిన నెలలో అడిగిన ఒక పది అంగళ్లు, అంతకు ముందు అరువుల నెలలో అడిగిన మరో పది అంగళ్లు జిల్లా బొమ్మనే మార్చివేయగలవు. అలాగే జిల్లా ఫలితాలు వచ్చినప్పుడు వాటిని ఢిల్లీ వెబ్‌సైటులో ఇంగ్లీషు పట్టికలుగా వదిలేయకుండా, తెలుగులో ఒక పేజీ చేసి వార్డు సచివాలయాల్లో అతికించాలి. జవాబు చెప్పిన మనిషికి తన జవాబు ఎక్కడికి పోయిందో కనబడితే, రెండోసారి అడిగినప్పుడు సగం చెప్పడానికి నోరు రాదు.

ఆ కుర్రవాడు గానీ, అతని తోటివారు గానీ మళ్లీ మా బజారుకు వస్తే, మధ్యాహ్నం 2 గంటల నుంచి 4 గంటల మధ్య రావలసిందిగా మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను. ఆ వేళ బేరాలు పలచగా ఉంటాయి. నేను పడుకుని ఉంటాను, గల్లా దగ్గర నా భార్య కూర్చుని ఉంటుంది. లెక్క ఆమెనే అడగండి.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
పాతబస్తీ, కర్నూలు